రసీదులో ఉన్న లైబ్రరీ ఊళ్ళో ఎక్కడుంది?



ఈ రోజు చేపల రేటు గురించి కాదు, మేత బస్తా గురించీ కాదు. ఇంటి పన్ను రసీదు గురించి రాస్తున్నా. కొంచెం పెద్దదే అవుద్ది. గట్టు మీద కాపలా కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి.

పోయిన వారం పంచాయతీకి వెళ్ళి ఇంటి పన్ను కట్టా. ఇంటి పన్ను 600. కానీ రసీదు మీద మొత్తం అంతకంటే ఎక్కువుంది. ఎందుకు పెరిగిందా అని ఒక్కో గీతా చదివా. నీళ్ళు, లైట్లు, వాటి కింద "గ్రంథాలయ పన్ను 48 రూపాయలు" అని ఉంది. ఇన్నేళ్ళుగా కడుతున్నా, ఆ గీత ఎప్పుడూ నా కంట పడలేదు. నిజం చెప్పాలంటే పడ్డా పట్టించుకునేవాణ్ణి కాదు.

మేత కొట్టువాడు బిల్లులో నలభై ఎనిమిది రూపాయలు ఎక్కువ వేస్తే ఊరుకుంటామా? "ఇదేంటయ్యా" అని అడుగుతాం. అడిగి, ఆ సరుకు ఇస్తేనే డబ్బు ఇస్తాం. మరి ఏటేటా కట్టే ఈ డబ్బుకి సరుకేది? నా వరకూ చెప్తా. నేను కట్టిన గ్రంథాలయ పన్నుకి నా చేతికి వచ్చిన పుస్తకం ఇంతవరకూ ఒక్కటీ లేదు. మీ సంగతి మీరు చూసుకోండి.

ముందు ఈ పన్ను ఏంటో చూద్దాం. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. అంతకుముందు మన కోస్తా వాళ్ళకి 1948 నాటి మద్రాసు చట్టం ఉండేది, తెలంగాణ వాళ్ళకి 1955 నాటి హైదరాబాదు చట్టం ఉండేది. రెండూ కలిపి 1960లో ఒక్కటి చేశారు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చెయ్యాలి. పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. ఆ సంస్థ జిల్లా కేంద్రంలో పెద్ద గ్రంథాలయాన్ని, మిగతా ఊళ్ళలో శాఖా గ్రంథాలయాలని, గ్రామీణ గ్రంథాలయాలని నడపాలి. 600కి రూపాయికి 8 పైసలంటే సరిగ్గా 48 రూపాయలు. లెక్కలో తప్పేమీ లేదు.

అంటే లైబ్రరీ అనేది ఎవరో దయతలిచి పెట్టే చలివేంద్రం కాదు. మన డబ్బు. ముందే కట్టేసిన డబ్బు.

ఇక్కడే కొందరు అంటారని తెలుసు: "బాబాయ్, చేతిలో ఫోనుంది, ప్రపంచమంతా అందులోనే ఉంది, ఇంకా లైబ్రరీ ఏంటి?" నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పోయిన ఏడు మే నెలలో నాకు జరిగింది చెప్తా, తర్వాత మీరే అనుకోండి.

అయిదో కాంటూరు బయట నాకు లీజు చెరువు ఒకటుంది. బొచ్చె, శీలావతి వేశా. మే నెల ఎండలు, నీళ్ళు తక్కువ, అడుగున బురద వాసన. చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది. నీళ్ళు పరీక్ష చేయిస్తే అమ్మోనియా ఎక్కువుందన్నారు. రాత్రి ఫోనులో వీడియో చూశా. ఒకాయన తెల్ల చొక్కా వేసుకుని "అమ్మోనియా ఉంటే సున్నం కొట్టండి, తెల్లారేసరికి సెట్" అని ధాటిగా చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, మంచి ఎండలో, ఎకరానికి ఇంత అని సున్నం కొట్టించా. సాయంత్రానికి చేప తేలటం మొదలైంది. తెల్లారేసరికి గట్టు పొడుగునా తెల్లగా పరుచుకుంది. ఎంత పోయిందో ఇక్కడ రాయను. మా ఇంట్లో వాళ్ళు కూడా ఈ పోస్టు చదువుతారు.

తర్వాత నెలకి ఏదో పని మీద ఏలూరు వెళ్తే, బస్సుకి టైముండి జిల్లా గ్రంథాలయంలోకి వెళ్ళి కూర్చున్నా. ఫ్యాను కింద పేపరు చదువుదామనే వెళ్ళా. పక్క బీరువాలో చేపల పెంపకం మీద తెలుగు పుస్తకం కనపడింది. సన్నది, అట్ట చిరిగింది. అందులో ఒక్క పేజీలో ఉంది నా సంగతంతా. నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి చేపకి పెద్దగా హాని చెయ్యనిది, రెండోది విషం. పీహెచ్ పెరిగేకొద్దీ, నీళ్ళు వేడెక్కేకొద్దీ మొదటిది రెండోదిగా మారుతుంది. పచ్చ నీళ్ళున్న చెరువులో మధ్యాహ్నానికి పీహెచ్ దానంతటదే పెరుగుతుంది. సున్నం దాన్ని ఇంకా పెంచుతుంది. అంటే అమ్మోనియా ఎక్కువున్న చెరువులో, ఎండలో, మధ్యాహ్నం సున్నం కొట్టటమంటే విషాన్ని నా చేత్తో నేనే తయారుచేసి పోసినట్టు.

ఆ పేజీ చదివి అక్కడే చాలాసేపు కూర్చుండిపోయా. బస్సు కూడా పోయింది.

వీడియోలో చెప్పినాయనది పూర్తిగా అబద్ధం అనను. సున్నం పనికొచ్చే చోట్లున్నాయి. ఎప్పుడు కొట్టకూడదో ఆయన చెప్పలేదు, నేను అడగటానికి లేదు. పుస్తకంలో ముందు పేజీ, వెనక పేజీ ఉంటాయి. అనుమానమొస్తే వెనక్కి తిప్పి చూసుకోవచ్చు, పక్కాయనకి చూపించి "ఇది నిజమేనా" అని అడగొచ్చు. ఫోను మనం ఏది చూస్తే దాన్నే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. సున్నం వీడియో చూసినవాడికి మర్నాడు ఇంకో పది సున్నం వీడియోలు వస్తాయి. బీరువాకి మనమెవరో తెలియదు, అందుకే మనం వెతకనిది కూడా కంటికి తగులుద్ది. ఫోను వద్దనట్లేదు. ఫోనొక్కటే చాలదంటున్నా.

ఇంకో సంగతి. మా వీధిలో ఒక అమ్మాయి బీఈడీ చేసింది. డీఎస్సీకి చదువుకుంటోంది. ఇల్లు చిన్నది, టీవీ మోత, పొయ్యి పొగ, ముసలమ్మ దగ్గు. చదువుకోవటానికి చోటు లేక వారానికి రెండు రోజులు ఏలూరు గ్రంథాలయానికి వెళ్ళేది. పొద్దున్న బయల్దేరితే ప్రయాణంలోనే సగం పూట పోయేది. సాయంత్రం చీకటి పడేలోగా తిరిగి రావాలి, లేకపోతే ఇంట్లో గొడవ. రెండు నెలలు తిరిగింది. తర్వాత మానేసింది. వాళ్ళ నాన్న నా దగ్గర అన్నాడు, "చార్జీలకి కాదన్నా, చీకటికి భయమేసింది" అని. ఆ పిల్లకి కావలసింది ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక లైటు, పోటీ పరీక్షల పుస్తకాలు నాలుగు, గోల లేని మూడు గంటలు. అవి ఊళ్ళో లేక ఒక ఉద్యోగం పోతే ఆ నష్టం ఏ రసీదులో రాస్తాం?

లైబ్రరీ అంటే పెద్ద మేడ, గొప్ప చదువరులు అనుకుంటాం. దాని రోజువారీ పని చూస్తే మన పాల కేంద్రం కంటే కష్టమేమీ కాదు. మామూలు శాఖా గ్రంథాలయం పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరుస్తారు. శుక్రవారం సెలవు. వచ్చినాయన తలుపు తీసి, ఊడ్చి, పేపర్లు బల్ల మీద పరుస్తాడు. వచ్చినవాళ్ళు రిజిస్టరులో సంతకం పెడతారు. ఆ సంతకాలే ఆ లైబ్రరీకి ప్రాణం. ఎంతమంది వస్తున్నారో పైవాళ్ళకి చూపించేది అదే. కొత్త పుస్తకం వస్తే యాక్సెషన్ రిజిస్టరులో నంబరు వేస్తారు, లోపల ముద్ర వేస్తారు, విషయాన్ని బట్టి బీరువాలో సర్దుతారు. సభ్యత్వానికి కొద్దిపాటి డిపాజిట్ కట్టించుకుంటారు, మానేసేటప్పుడు తిరిగిస్తారు. పుస్తకం ఇంటికిచ్చేటప్పుడు వెనక అంటించిన చీటీ మీద తేదీ వేస్తారు. గడువు దాటితే గుర్తు చేస్తారు. చిరిగినవి బైండింగుకి పంపుతారు. ఏడాదికోసారి పుస్తకాలన్నీ లెక్క చూస్తారు. వేసవిలో పిల్లలకి శిబిరాలు, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఇంతే పని. కానీ రోజూ చెయ్యాలి. ఒక్క వారం తలుపు మూసి ఉంటే వచ్చేవాడు అలవాటు తప్పుతాడు. నెల మూస్తే మరిచిపోతాడు.

ఇది నేను ఊహించి చెప్పట్లేదు. నా అనుభవంలో ఉంది, అదీ నా తప్పుతో కలిపి.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు కుర్రాళ్ళం పదిమందిమి కలిసి యువజన సంఘం అని పెట్టి ఒక గదిలో చదువు గది తెరిచాం. ఇల్లిల్లూ తిరిగి పుస్తకాలడిగాం. మూడొందల దాకా వచ్చాయి. మా నాన్నగారు దాచుకున్న పాత అన్నదాత సంచికల కట్ట ఇచ్చారు. పాడిపంటలు వచ్చేది. రెండు పేపర్లు వేయించాం. మొదటి నెల జాతర. పెద్దాళ్ళు అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివించుకునేవాళ్ళు. ఒకడు చదివేవాడు, ఇరవై మంది వినేవాళ్ళు. చదువు రాని మా పెద్దనాన్న మారుటేరు వాళ్ళు కొత్త వంగడం ఏమన్నా విడుదల చేశారా అని రోజూ అడిగేవాడు.

పద్నాలుగు నెలల్లో మూతపడింది. ఎందుకు? పుస్తకం ఎవరు పట్టుకెళ్ళారో రాసేవాడు లేడు. తాళం ఒకడి దగ్గర, వాడు సార్వా నాట్లకి పోతే వారం రోజులు తలుపు తీసేవాడు లేడు. పేపరు బిల్లు నువ్వు కట్టు అంటే నువ్వు కట్టు. చివరికి గదిలో ఎవరో ఎరువు బస్తాలు వేశారు. పుస్తకాలు ఇళ్ళలోకి పోయాయి. అందులో మూడు మా ఇంట్లోనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళ పైనైంది. ముద్ర ఇంకా ఉంది వాటి మీద. నేను కార్యదర్శిని. దొంగతనం ఎవడు చేశాడని అడిగితే ముందు నా పేరే చెప్పుకోవాలి.

అప్పుడు నేర్చుకున్నది ఒక్కటే. లైబ్రరీ ఉత్సాహంతో మొదలవుద్ది, రిజిస్టరుతో నిలబడుద్ది. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్ళు ముఖ్యం కాదు, మంగళవారం సాయంత్రం వాన పడుతుంటే వచ్చి తలుపు తీసేవాడు ముఖ్యం.

మరి నిలబెట్టినవాళ్ళు లేరా? మన పక్కనే ఉన్నారు. ఆకివీడు దాటి భీమవరం వైపు వెళ్తే కుముదవల్లి అనే పల్లెటూరు. అక్కడ 1897లో భూపతిరాజు తిరుపతిరాజు గారు వీరేశలింగ కవి సమాజం పేరుతో గ్రంథాలయం పెట్టారు. 1897 అంటే మన ముత్తాతల కాలం. కరెంటు లేదు, బస్సు లేదు. పట్నం కాదు, జమీందారు కోట కాదు. మనలాంటి వరి పొలాల ఊరు. అది నూట పాతికేళ్ళు దాటింది. వాళ్ళకి కుదిరింది మనకెందుకు కుదరదు?

ఇటు వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో మొదలైంది. 1929లో గాంధీ గారు అక్కడికి వచ్చారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దాని వెనక నిలబడి ఊరూరా గ్రంథాలయ యాత్రలు చేయించారు. అప్పుడు ప్రభుత్వమిచ్చే పన్ను డబ్బు లేదు. ఊరివాళ్ళే ధాన్యం ఇచ్చి, గది ఇచ్చి నడుపుకున్నారు. ఇప్పుడు చట్టముంది, పన్నుంది, సంస్థ ఉంది. మనకే ఊపిరి లేదు.

మన కొల్లేటి వాళ్ళకి బాగా నప్పే కథ ఇంకోటుంది. పాతూరి నాగభూషణం గారని గుంటూరు జిల్లా ఆయన, 1935లో కాలువలో పడవ మీద లైబ్రరీ నడిపించారు. అప్పట్లో జనం కాలువల మీదే ప్రయాణం చేసేవాళ్ళు కదా. పడవలో పుస్తకాలు పెడితే ప్రయాణం చేసేవాళ్ళు చదువుకునేవాళ్ళు, ఒడ్డున ఉన్న ఊళ్ళకీ అందేవి. రోడ్డు లేదని ఆయన ఆగలేదు, నీళ్ళనే రోడ్డు చేసుకున్నాడు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు మన దోనెలు గుర్తొస్తాయి. ఒక రేకు ట్రంకు పెట్టెలో యాభై పుస్తకాలు పెట్టి, వారానికోసారి ఒక్కో లంకకీ తిప్పటానికి ఎంత ఖర్చవుద్ది చెప్పండి?

ఇంకొంచెం దూరం పోతే కేరళ. అక్కడ కుట్టనాడని ఒక ప్రాంతముంది. అచ్చం మన కొల్లేరే. చుట్టూ నీళ్ళు, సముద్రమట్టం కంటే కిందున్న వరి పొలాలు, పడవలు, వరదలు. ఆ కుట్టనాడులో నీలంపేరూరు అనే ఊళ్ళో పి.ఎన్. పణిక్కర్ గారు 1926లో చిన్న లైబ్రరీ పెట్టారు. 1945లో 47 ఊరి లైబ్రరీలని కలిపి ఒక సంఘం చేశారు. తర్వాత అది రాష్ట్రమంతా అల్లుకుపోయింది. ఆయన పోయిన రోజు జూన్ 19ని అక్కడ చదువుల దినంగా జరుపుకుంటారు. బయటికి రాలేని ఆడవాళ్ళకి, ముసలివాళ్ళకి ఇంటికే పుస్తకం తీసుకెళ్ళి ఇచ్చే పద్ధతి కూడా పెట్టుకున్నారు. ముంపు ప్రాంతం, పడవల ప్రాంతం అని వాళ్ళు వంక చెప్పలేదు. అక్కణ్ణుంచే మొదలైంది.

మనకి పుస్తకాలతో పాటు ఇంకోటి కూడా కావాలి. కాగితాలు.

1999 అక్టోబరులో 120 నంబరు జీవో వచ్చింది. అయిదో కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో 76 వేల ఎకరాల పైన, అభయారణ్యం అయింది. 2002లో కొల్లేరు రామ్సర్ జాబితాలో చేరింది. 2006లో చెరువు గట్లు కొట్టేశారు. 2008లో మూడో కాంటూరుకి తగ్గించమని శాసనసభ తీర్మానం చేసింది. తర్వాత అజీజ్ కమిటీ వచ్చింది. ఈ పాతికేళ్ళలో మన బతుకుల్ని ఇంతగా తిప్పిన కాగితాలు వేరే లేవు. టీ కొట్టు దగ్గర వీటి గురించి మాట్లాడని రోజు లేదు. కానీ ఆ 120 జీవో కాగితాన్ని కళ్ళారా చూసినవాళ్ళు, అందులో ఏ అనుమతి ఉంది, ఏది నిషేధం అని చదివినవాళ్ళు మనలో ఎంతమంది? నన్నడిగితే నేనూ ఈ మధ్యనే చూశా. ఒకడు చెప్పాడని ఒకడు, ఆయన చెప్పాడని ఇంకొకడు. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఎవరికి నచ్చినట్టు వాళ్ళు చెప్పి వెళ్తున్నారు. ఎవరిది నిజమో తేల్చుకోవటానికి ఊళ్ళో ఒక బీరువా, అందులో ఆ జీవో, మ్యాపులు, కమిటీ నివేదిక, కోర్టు తీర్పులు ఉంటే చాలు. వాదన ఎటైనా ఉండొచ్చు, చదివి వాదించుకుందాం. అధికారి వచ్చినప్పుడు "అలా విన్నామండీ" అనటానికి, "మీ జీవోలో ఇలా ఉందండీ" అనటానికి చాలా తేడా ఉంది.

అందుకే నా మాట ఇది. మేడలు అడగొద్దు. పెద్దది అడిగితే శంకుస్థాపన రాయి ఒక్కటే మిగులుద్ది. చిన్నది, నడిచేది అడుగుదాం.

ఒకటి. గ్రంథాలయ సంస్థల్లో పుస్తక నిక్షిప్త కేంద్రం అనే పద్ధతి ఉంది. పెద్ద లైబ్రరీ పెట్టలేని ఊరికి కొన్ని పుస్తకాలిచ్చి, ఊరివాళ్ళ బాధ్యత మీద నడిపించి, కొన్నాళ్ళకి వాటిని తీసుకుని వేరేవి ఇవ్వటం. మన లంక ఊళ్ళకి సరిపోయే పద్ధతి ఇదే. వచ్చే గ్రామసభలో తీర్మానం చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి పంపుదాం. ఆ తీర్మానంతో పాటు, మన పంచాయతీ గ్రంథాలయ సెస్సు ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసిందో కూడా అడుగుదాం. గొడవకి కాదు. డబ్బు కట్టి రమ్మంటే వాళ్ళకి మనల్ని కాదనటం కష్టం. మన వైపు బాకీ ఉంటే ముందు మనమే తీరుద్దాం.

రెండు. వేళలు మన బతుక్కి తగ్గట్టుండాలి. తెల్లారుజామున వలకి పోయినవాడు పొద్దున ఎనిమిదికి లైబ్రరీకి రాడు. చెరువు మీద పనివాళ్ళకి మధ్యాహ్నం మేత వేశాక ఖాళీ. పిల్లలకి బడి అయ్యాక. కాబట్టి మధ్యాహ్నం రెండు గంటలు, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా. ఆ సాయంత్రం మూడు గంటలు లైటు, ఫ్యాను గ్యారంటీగా ఉండాలి. చదువుకునే ఆడపిల్లలకి ఒక బల్ల ప్రత్యేకంగా.

మూడు. తలుపు తీసే మనిషికి గౌరవంగా ఏదో ఒకటి ఇవ్వాలి. ఉచిత సేవ అంటే నాలుగు నెలలే నడుస్తుందని నేను ముప్పై ఏళ్ళ క్రితమే చూశా. డ్వాక్రా సంఘంలో పది చదివిన అమ్మాయిలున్నారు. మగాళ్ళకిస్తే నాట్లకి, పట్టుబడికి తాళం వేసుకుని పోతాం. ఆడవాళ్ళకి ఇద్దాం, పొదుపు పుస్తకాలు వాళ్ళెంత శుభ్రంగా రాస్తారో మనకి తెలుసు.

నాలుగు. డబ్బు లెక్క. ఉదాహరణకి చెప్తున్నా: 500 ఇళ్ళున్న ఊళ్ళో ఇంటికి సగటున 500 పన్ను అనుకుంటే సెస్సు ఏడాదికి 20 వేలు. అది మొత్తం మనకే రాదు, జిల్లా అంతటికీ ఖర్చవుద్ది. కాబట్టి పేపర్లకి, తలుపు తీసే అమ్మాయికి మనమే చూసుకోవాలి. ఒక్కో పేపరుకి నెలకి 250 అనుకోండి. చేప పట్టుబడి పట్టిన రోజు లారీకి, కూలీలకి, టిఫిన్లకి ఎంత ఖర్చు పెడతాం? ఆ రోజు ఒక్కో చెరువుకి వంద రూపాయలు లైబ్రరీ డబ్బాలో వేస్తే సంవత్సరం నడుస్తుంది. పెద్దింట్లమ్మ తల్లి జాతరకి ఫాల్గుణంలో వేలమంది వస్తారు. అక్కడ ఒక బల్ల వేసి "పాత పుస్తకాలివ్వండి" అని అడుగుదాం. అమ్మవారి దగ్గర అడిగితే కాదనేవాళ్ళు తక్కువ.

అయిదు. వరద. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళన్నీ వచ్చి కొల్లేట్లో పడితే ఏమయిందో మర్చిపోలేదు కదా. లంక ఊళ్ళ రోడ్లు మునిగి పడవల మీద తిరిగాం. నేల మీద బీరువా పెడితే మొదటి వరదకే పుస్తకాలు గుజ్జవుతాయి. నడుము ఎత్తు పైనే అరలు ఉండాలి, ముఖ్యమైన కాగితాలు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. ఇంకో మాట, వరద రోజుల్లో ఊళ్ళో తాళం చెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలిసిన గది ఒకటి ఉండటం ఎంత అవసరమో పడ్డవాళ్ళకి తెలుసు. బియ్యం, మందులు వచ్చినప్పుడు పేర్లు రాసుకోవటానికి ఒక బల్ల, రాయటం అలవాటున్న ఒక మనిషి అక్కడే ఉంటారు.

ఉండి మత్స్య పరిశోధన కేంద్రం, మారుటేరు వాళ్ళు రైతుల కోసం తెలుగులో రాసేవి తెచ్చి పెడదాం. రైతు సేవా కేంద్రానికి వచ్చే కరపత్రాలు ఫైలులో గుచ్చి పెడదాం. పిల్లలకి బొమ్మల కథలు. ముసలాళ్ళకి పెద్ద అక్షరాల భారతం, రామాయణం. చదవటం రానివాళ్ళకి రోజూ సాయంత్రం అరగంట పేపరు పైకి చదివి వినిపించటం. ఈ చివరిది మానొద్దు. మా పెద్దనాన్న లాంటివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అడగటానికి మొహమాటపడతారంతే.

"ఎవరూ రారు" అంటారు కొందరు. మొదట్లో రారు. పదిమందే వస్తారు. ఆ పదిమందిలో డీఎస్సీ రాసే పిల్ల ఒకతె ఉంటుంది. చెరువులో సున్నం కొట్టబోయే ముందు పేజీ తిప్పి చూసే రైతు ఒకడు ఉంటాడు. నా చెరువులో ఆ రోజు పోయిన చేప విలువ తీస్తే, ఇలాంటి చదువు గది పదేళ్ళు నడుస్తుంది. ఇది నేను లెక్కవేసే చెప్తున్నా.

మీ ఊళ్ళో లైబ్రరీ ఉందా, ఉంటే ఎన్ని గంటలకి తెరుస్తున్నారు, మీ రసీదులో గ్రంథాలయ పన్ను ఎంత పడింది, చూసి చెప్పండి. లంక ఊళ్ళన్నిటి వివరాలు ఒక కాగితం మీదకి తెచ్చి తీర్మానంతో పాటు పెడదాం. గ్రామసభకి నేను వస్తా, మాట్లాడతా. మీరు కూడా రండి, నా ఒక్కడి గొంతు చాలదు.

నా దగ్గరున్న ఆ మూడు పాత పుస్తకాలు నిన్న అటక మీంచి దించి, దుమ్ము దులిపి, కొత్త అట్టలు వేశా. కొత్త రిజిస్టరు మొదలైన రోజున ఒకటి, రెండు, మూడు నంబర్లు వాటికే వేయించాలి. గడువు దాటినందుకు జరిమానా ఎంతైతే అంత కడతా. మీ ఇళ్ళలో కూడా ఆ ముద్ర ఉన్న పుస్తకాలుంటాయి. ఎవరూ ఏమీ అడగరు, తెచ్చివ్వండి.

ఉంటానండి. చెరువు మీదకి పోవాలి.